డబ్బాలో డ్రమ్మర్ కూడా ఉన్నాడట

గిటారు వాయించే కుర్రాడికి ఇప్పుడు కావలసినవి మూడేనట. ఒక గిటారు, ఒక వైరు, చొక్కా జేబులో పట్టే ఒక డబ్బా. ఆంప్లిఫయరు అక్కర్లేదు, ఫజ్ అక్కర్లేదు, ఎకో మెషీను అక్కర్లేదు. శ్రుతి చూసుకోవడానికి హార్మోనియం ఆయన్ని బతిమాలక్కర్లేదు. అన్నీ అందులోనే ఉన్నాయి. ఆఖరికి డ్రమ్మర్ కూడా ఉన్నాడట. బటన్ నొక్కగానే మొదలుపెడతాడు. టీ అడగడు, అడ్వాన్సు అడగడు, ఆఖరి బస్సు పోతుందని ఇంకా రెండు పాటలుండగానే కిట్ సర్దడు.

దీన్ని మల్టీ ఎఫెక్ట్స్ అంటారు, ఆంప్ మోడలర్ అని కూడా అంటారు. తయారీ చైనా. ఇలాంటివి అక్కడ చాలా కంపెనీలు చేస్తున్నాయి కనక ఇది ఎవరిదో చెప్పను. ఒకళ్ల పేరు చెప్పి తిడితే మిగతావాళ్లు తప్పించుకుంటారు. మా అమ్మాయి కొడుకు ఆరేడు వేలు పోసి తెప్పించుకున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు నా ముందు పెట్టి, "తాతయ్యా, నువ్వోసారి వాయించి ఎలా ఉందో చెప్పు" అన్నాడు. నేను చెప్పడం మొదలెడితే ఎక్కడ ఆగుతానో వాడికి బాగా తెలుసు. అందుకే డబ్బా నా చేతికిచ్చి బండేసుకుని బయటికి పోయాడు. వాడు వినాల్సినవన్నీ ఇప్పుడు మీరు వింటారు.

డబ్బాకి బరువనేదే లేదు. పైన చిన్న రంగుల తెర, దాని పక్కన తిప్పడానికి ఒక నాబ్, కింద కాలితో నొక్కడానికి రెండు స్విచ్చులు. పక్కల గిటారు వైరుకో రంధ్రం, ఇయర్‌ఫోన్స్‌కి ఇంకోటి, ఫోన్ ఛార్జరు పట్టేది మరోటి. తెర మీద అక్షరాలు చీమ తలకాయలంత. కళ్లద్దాలు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, గిటారు మెట్లు అలుక్కుపోతాయి. ఇక ఆ స్విచ్చుల సంగతి. అవి ఎంత దగ్గరగా ఉన్నాయంటే నా బొటనవేలు రెండింటినీ ఒకేసారి తొక్కుతుంది. రెండూ ఒకేసారి తొక్కితే శ్రుతి చూసుకునే ట్యూనర్ వస్తుంది, ట్యూనర్ వస్తే మోత ఆగిపోతుంది. అంటే పాట మధ్యలో మంచి బిట్టు వాయిస్తూ శబ్దం మార్చుకుందామని కాలు పెడితే, గిటారు నోరు మూసుకుని, తెర మీద మాత్రం నా తీగ సరిగ్గానే ఉందని పచ్చదీపం చూపిస్తుంది. పైగా తేలిక వస్తువు కదా, నున్నటి నేల మీద తొక్కితే జారి ముందుకు పోతుంది. దాని వెనకాల నేను.

మా రోజుల్లో ఆంప్లిఫయరు జారడమన్న మాటే లేదు. నలుగురు పట్టుకుని తోస్తే గాని కదిలేది కాదు.

మాది విజయవాడలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా. 70ల చివర్నుంచి వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, దసరా, పెళ్లి రిసెప్షన్లు, కాలేజీ వార్షికోత్సవాలు. ఇటు గుడివాడ, బందరు, అటు తెనాలి, గుంటూరు. నా చేతిలో కలకత్తాలో తయారైన గివ్సన్ గిటారు. దూరం నుంచి చూసినవాడు గిబ్సన్ అనుకోవాలని ఆ పేరు పెట్టుంటారు. ఇప్పుడీ డబ్బాలో కూడా అదే విద్య చూశాను. ఫెండర్, మార్షల్, వాక్స్ అని సూటిగా రాస్తే ట్రేడ్‌మార్కు గొడవ కనక, ఆంప్లిఫయర్లకి ఏవో వంకర పేర్లు పెట్టి, అసలు సంగతి వినేవాడికి అర్థమయ్యేలా వదిలేశారు. దాన్ని మాత్రం తప్పు పట్టను. నేను వాయించినంత కాలం గివ్సన్ మీదే వాయించాను.

మంచి సరుకు కావాలంటే రైలెక్కి మద్రాసు మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్‌కి పోయేవాళ్లం. అద్దాల వెనక చూసి తీగల సెట్టు ఒకటి కొనుక్కుని వచ్చేవాళ్లం. బయటి దేశపు ఆంప్లిఫయరు కొనే తాహతు ఎవరికుంది? దిగుమతి సుంకాలు ఆ రోజుల్లో అలా ఉండేవి మరి. సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో ఎవరి బావమరిదైనా వస్తే తప్ప ఫారిన్ పెడల్ అన్న వస్తువు మా కంటపడేది కాదు. 85 వాట్లు, 12 అంగుళాల స్పీకర్లు రెండు, 30 కిలోలకి దగ్గర బరువున్న ఫెండర్ ట్విన్ రివర్బ్‌ని నేను ఫొటోలో చూసి సంతోషించినవాణ్ణి. అది 1963 నుంచీ ఉందని తర్వాతెప్పుడో తెలిసింది.

మొదట్లో గిటారుని ఎక్కడ గుచ్చేవాళ్లమో తెలుసా? పెళ్లి మంత్రాలు వినిపించడానికి తెచ్చిన అహుజా ఆంప్లిఫయరులో, మైకు గుచ్చే చోట. మోత వచ్చేది గానీ ప్రాణం ఉండేది కాదు, కంబళి కప్పుకుని పాడినట్టు. ఎందుకలా వస్తుందో మా రేడియో మెకానిక్కే చెప్పాడు. గిటారు పికప్ అంటే సన్న తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని ఇంపిడెన్సు ఎక్కువ. తక్కువ ఇంపిడెన్సు మైకు ఇన్‌పుట్‌కి తగిలిస్తే అది పికప్‌ని అణిచేస్తుంది, పైస్థాయి తళుకంతా అక్కడే పోతుంది. గిటారు ఇన్‌పుట్‌కి పది లక్షల ఓమ్‌ల దాకా ఉండాలి. ఈ డబ్బాలో ఆ జాగ్రత్త తీసుకున్నారు, ఒప్పుకుంటాను. గుచ్చీ గుచ్చగానే తీగ తీగలాగే వినపడింది.

ఆ మెకానిక్కే నాకు ఆంప్లిఫయరు కట్టాడు. 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు రెండు, కుర్చీ కోడంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు, 12 అంగుళాల స్పీకరు, ప్లైవుడ్ పెట్టె, పైన నల్ల రెగ్జిన్. ఎర్ర బస్సు టాపు మీద జనం మూటల మధ్య దాన్ని కట్టేవాళ్లం. వాన పడితే ముందు దానికి టార్పాలిన్, తర్వాత మనుషులకి గొడుగులు. దాని హమ్ముకి ఏ శ్రుతీ సరిపోయేది కాదు. పందిరి చుట్టూ సీరియల్ బల్బులు, పైన ట్యూబులైట్ల చోకులు, వెనక జనరేటరు. మన కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది కదా, పికప్ దాన్నీ పాటలో భాగమే అనుకుని పట్టుకొచ్చేది. నేను స్టేజి మీద ఏ దిక్కుకి తిరిగితే రొద తగ్గుతుందో చూసుకుని ఆ దిక్కుకే నిలబడేవాణ్ణి. ఒక్కోసారి ఆ దిక్కు జనానికి వీపు అయ్యేది. "గిటారాయనకి పొగరు" అని పేరొచ్చింది. డబ్బాలో నాయిస్ గేట్ అని ఒకటుంది. తీగ మోగనప్పుడు తలుపు మూసేస్తుంది, రొద వినపడదు. ఇది గొప్ప వస్తువే. కాకపోతే ఎక్కువ పెడితే, నోట్ మెల్లగా ఆరిపోయే తోక కూడా తలుపులో పడి తెగుతుంది. పిల్లలు దాన్ని ఎప్పుడూ ఎక్కువే పెడతారు.

ఇప్పుడు ఫజ్ దగ్గరికి వస్తాను. ఇక్కడ నాకూ డబ్బాకీ పడలేదు.

ఫజ్ పుట్టిందే ఒక పాడైన యంత్రంలోంచి. అమెరికాలోని నాష్‌విల్‌లో 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నప్పుడు గ్రేడీ మార్టిన్ వాయించిన బిట్టు, మిక్సింగ్ కన్సోల్ లోపం వల్ల చిరిగిపోయినట్టు వచ్చింది. దాన్ని పారేయకుండా అలాగే ఉంచారు. జనానికి నచ్చింది. ఆ పాట రికార్డు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే శబ్దాన్ని కావాలని తెప్పించే సర్క్యూట్ కట్టాడు, 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్‌గా అమ్మకానికొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల పాటతో ప్రపంచమంతా విన్నది. 1966లో లండన్ నుంచి గుండ్రటి ఫజ్ ఫేస్ వచ్చింది. దాన్లో ఉన్నదల్లా జెర్మేనియం ట్రాన్సిస్టర్లు రెండు, ఇంకో పిడికెడు సామాను.

ఆ జాతి ట్రాన్సిస్టరే మన బెంగళూరు బెల్ కంపెనీ చేసిన ఏసీ128. ప్రతి పాత ట్రాన్సిస్టర్ రేడియో గర్భంలో రెండు ఉండేవి. మా మెకానిక్ మూలనపడ్డ రేడియో విప్పి, వాటిని పీకి, సబ్బు పెట్టెలో నాకు ఫజ్ కట్టిచ్చాడు. ఎంత అందంగా ఏడ్చేదో చెప్పలేను. దానికో జబ్బుండేది. జెర్మేనియం వేడికి ఆగదు, వేడెక్కే కొద్దీ లోపల కరెంటు కారుతుంది. విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం సౌండ్ చూసుకుంటే తుప్పు తుప్పుమని తుమ్మేది. అర్ధరాత్రి గాలి తిరిగాక తియ్యగా పలికేది. అందుకని సాయంత్రం ప్రోగ్రాం అయితే ముందుగా పోయి కూల్‌డ్రింకుల బండివాడి ఐసుపెట్టె పక్కన దాన్ని పెట్టి, వాడి దగ్గరో గోళీసోడా తాగి మొహమాటం తీర్చుకునేవాణ్ణి. కొత్త డబ్బాలో ఉన్న ఫజ్‌కి ఎండ తెలియదు, వెన్నెల తెలియదు. ఎప్పుడు తొక్కినా ఒకటే గురగుర.

అంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. అసలు జెర్మేనియం ఫజ్‌ని గిటారుకి నేరుగా తగిలిస్తే, అవి రెండూ ఒకే సర్క్యూట్ అయిపోతాయి. గిటారు మీద వాల్యూమ్ నాబ్‌ని కొంచెం తగ్గించామా, ఆ గర్జనంతా కరిగిపోయి గాజులాంటి శుభ్రమైన స్వరం మిగులుతుంది. కాలు కదపకుండా చిటికెన వేలితోనే పల్లవికి శుభ్రంగా, చరణం మధ్య బిట్టుకి చిరుగ్గా వాయించేవాళ్లం. డబ్బాలో గిటారు ముందుగా తగిలేది బఫరుకి, ఆ తర్వాత లెక్కలకి. ఫజ్‌కి నా పికప్ ఎవరో తెలియదు. వాల్యూమ్ తగ్గిస్తే గురగుర చిన్నదవుతుంది, అంతే. మనవడు దీనికి జవాబుగా "ఫజ్ కోసం ఇంకో ప్రీసెట్ పెట్టుకో తాతయ్యా" అన్నాడు. ప్రీసెట్ అంటే ముందే అమర్చి పెట్టుకున్న శబ్దం. చిటికెన వేలు చేసే పనికి మళ్లీ ఆ స్విచ్చు తొక్కాలన్నమాట. తొక్కితే ఏమవుతుందో పైన చెప్పాను.

ఎకో సంగతి మాత్రం డబ్బాదే పైచేయి. మా రోజుల్లో ఎకో మెషీను గాయకుడి సొత్తు. పాత స్పూల్ టేప్ రికార్డరు తలకాయల్ని మార్చి, టేపు ముక్కని ఉంగరంలా అతికించి తిప్పేవాళ్లు. ఒక తలకాయ రాస్తుంది, కొంచెం దూరంలో ఉన్నది చదువుతుంది, ఆ దూరమే ప్రతిధ్వని. జపాన్‌లో రోలాండ్ వాళ్లు 1974లోనే స్పేస్ ఎకో అని ఇదే పనికి చక్కటి పెట్టె తెచ్చారు, అది మనదాకా రావాలిగా. మా దగ్గర టేపు అతుకు ఊడిందంటే గాయకుడి గొంతు సగంలో మింగినట్టయ్యేది. గాయకుడు నీళ్లు తాగే వ్యవధిలో ఎకో వైరు నావైపు వచ్చేది. ఆ నాలుగు స్వరాల కోసం నేనాయనకి కిళ్లీలు కట్టించిన రోజులున్నాయి. డబ్బాలో టేపు ఎకో, స్ప్రింగ్ రివర్బ్, హాలు, గది, గుహ, అన్నీ ఉన్నాయి. ఏ గాయకుడి దయా అక్కర్లేదు.

లోపల జరిగేది ఏమిటని మనవణ్ణి నిలదీసి తెలుసుకున్నాను, కొంత సొంతంగా చదివాను. గిటారు నుంచి వచ్చే కరెంటుని సెకనుకి నలభై నాలుగు వేలకి పైగా ముక్కలు కోసి అంకెలు చేస్తుంది. వాల్వు ఆంప్లిఫయరు గొంతు పెంచితే తరంగం నెత్తిని ఎలా నలుపుతుందో, ఆ నలుగుడికి లెక్క కట్టి ఆ అంకెలకి వర్తింపజేస్తుంది. తర్వాత స్పీకరు. గిటారు స్పీకరు అయిదు వేల సైకిల్స్ దాటితే దాదాపు పలకదు. ఆ చెవుడు వల్లే గిటారు చెవులకి ఇంపుగా ఉంటుంది. ఒక అసలు స్పీకరు పెట్టె ముందు మైకు పెట్టి దాని స్వభావాన్ని ఒక చిన్న ఫైలుగా పట్టుకుంటారు. ఐఆర్ అంటారు. ఆ ఫైలు తీసేసి వింటే కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది, పెట్టగానే మనిషి లోకంలోకి వస్తుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కూడా కాదు. రోలాండ్ వాళ్లు 1995లో వీజీ-8తో మొదలెట్టారు. 1998లో లైన్ 6 వాళ్ల పాడ్ వచ్చింది, చిక్కుడుగింజ ఆకారంలో ఎర్రగా ఉండేది. అంతకు ముందే మా ఊళ్లోకి ఎవరో జూమ్ 505 తెచ్చారు. రెండు స్విచ్చులు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. దాన్నీ అప్పట్లో నేను తిట్టాను, దానికి ఆ తిట్లు సరిపోతాయి. తర్వాత 2011లో జర్మనీ నుంచి కెంపర్ వచ్చి, అసలు ఆంప్లిఫయరుకి సంకేతాలు పంపించి, అది ఎలా బదులిస్తుందో విని నకలు తీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు న్యూరల్ ఆంప్ మోడలర్ అని ఉచితంగానే దొరికే ప్రోగ్రాం ఉంది. ఎవరి ఆంప్లిఫయరునైనా కొన్ని నిమిషాలు మోగించి రికార్డు చేసి ఇస్తే, కంప్యూటరు దాని పోకడ నేర్చుకుంటుంది. అలాంటి నకళ్లని చవక డబ్బాలు కూడా కొన్ని మింగుతున్నాయి.

మరి ఎలా పలికింది? శుభ్రమైన స్వరాలు బ్రహ్మాండం. 1975 నాటి రోలాండ్ జాజ్ కోరస్ నకలు ఒకటి ఉంది. దాన్ని పెట్టి ఇళయరాజా పాటల వరసలో నాలుగు ఆర్పెజియోలు వేస్తే, 80ల రేడియో నా ఒళ్లో మోగింది. ఆయన కూడా మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకుని, సంగీత దర్శకుడు కాకముందు వేరేవాళ్ల పాటలకి గిటారు వాయించినవాడే. అందుకే ఆ పాటల్లో గిటారుకి పని ఉంటుంది. ట్విన్ రివర్బ్ నకలు కూడా బాగుంది, అసలుదెలా ఉంటుందో ఫొటోకి చెవుల్లేవు కనక ఇంతకన్నా చెప్పను. కొంచెం చిరుగుతో వాయించే వాక్స్ రకం బాగుంది. బాగా గర్జించే రకాలు ఇయర్‌ఫోన్స్‌లో పులి, పెద్ద స్పీకర్లో పిల్లి. అసలు గిటారు ఆంప్లిఫయరుకి తగిలిస్తే లోపలున్న ఐఆర్ ఆపేయాలి. లేకపోతే స్పీకరు మీద స్పీకరు పడి మోత ముద్దవుతుంది. ఆ సంగతి డబ్బాతో ఇచ్చిన కాగితంలో లేదు.

ఆలస్యం గురించి పిల్లలు భయపడతారు, అది అనవసరం. అంకెలు చేసి మళ్లీ శబ్దం చేయడానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి అడుగు దూరం నడుస్తుంది. మా ఆంప్లిఫయరు స్టేజి వెనక మూల ఉంటే నేను పదడుగుల ముందు నిలబడే వాయించాను, ఏ తాళమూ తప్పలేదు. కానీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో మాత్రం వాయించలేరు. మీటింది ఇప్పుడైతే వినపడేది కాసేపాగి. డబ్బాలో బ్లూటూత్ ఉంది కదా అని మోసపోవద్దు, అది ఫోన్లో పాట లోపలికి పంపి దానితో కలిసి వాయించుకోవడానికి. ఇంకో సంగతి. లోపలి బ్యాటరీ అయిపోయి చవక ఛార్జరు తగిలించి వాయిస్తే సన్నటి కీచు మొదలవుతుంది. నేను చిన్నప్పటి నుంచీ దేని నుంచి పారిపోతున్నానో అదే, వేషం మార్చుకుని వచ్చింది. ఆ బ్యాటరీ కొన్నేళ్లకి ముసలిదైతే విప్పి మార్చేదెలా? స్క్రూలు కనపడలేదు. నా 2ఎన్3055 పెట్టె మంచం కింద ఇంకా ఉంది. కెపాసిటర్లు మార్పిస్తే ఇవాళ్టికీ మోగుతుంది, మార్చేవాడు దొరకాలి అంతే.

ప్రీసెట్ల దగ్గరికి వద్దాం. వందకి పైగా ఉన్నాయి. ఒక్కోదానికి తుపాను అనీ డ్రాగన్ అనీ పేర్లు. ఒక్కటి కూడా సాదాగా గిటారు అని లేదు. నూరు రకాల ఊరగాయలు విస్తట్లో వడ్డించి, అన్నం గిన్నె మాత్రం వంటింట్లోనే మరిచిపోయినట్టుంది. మనవడు వాయించడం నేను గమనించాను. ఒక ప్రీసెట్ పెడతాడు, నాలుగు స్వరాలు వాయిస్తాడు, మొహం చిట్లిస్తాడు, ఇంకోటి పెడతాడు. ఫోన్ తీసి యాప్‌లో ట్రెబుల్ అంగుళం జరుపుతాడు. గంట గడిచింది. గిటారు వాయించాడని అనడానికి లేదు, వెతికాడు.

మాకు వెతకడానికి ఏమీ ఉండేది కాదు. ఉన్నది ఒకటే శబ్దం. దాన్ని పది రకాలుగా పలికించడం చేతి పని. వంతెన దగ్గర మీటితే గరుకు, మెడ దగ్గర మీటితే తేనె. గోటితో ఒకటి, ప్లాస్టిక్ పిక్‌తో ఒకటి, అరచేయి అంచు తీగల మీద ఆనిస్తే ఇంకోటి. 1980లో కర్జ్ సినిమా వచ్చాక, ఏ ఊరు పోయినా ఆ గిటారు బిట్టు వాయించాల్సిందే. లక్ష్మీకాంత్ ప్యారేలాల్ పాటలకి గోరఖ్ శర్మ వాయించింది అది. హిందీ ఒక్క ముక్క రాని పల్లెటూళ్లో కూడా చీటీ వచ్చేది, "గిటారు బిట్టు" అని. ముందు వరసలో బీడీ ముట్టించుకున్న పెద్దమనిషి, స్వరం కాస్త జారితే చాలు, పక్కవాడికేసి తిరిగి పెదవి విరిచేవాడు. ఏ ప్రీసెట్ ఆ పెదవిని సరిచేస్తుంది?

ఇక డ్రమ్మర్. డబ్బాలో రాక్ ఉంది, ఫంక్ ఉంది, వాల్ట్జ్ ఉంది. మన దరువు లేదు. తీన్మార్ లేదు. అది పక్కన పెడదాం. లూపర్ అని ఇంకో ఏర్పాటుంది. మనం వాయించిన తాళం ముక్కని పట్టుకుని తిప్పుతూనే ఉంటుంది, దాని మీద మనమే సోలో వాయించుకోవచ్చు. సాధనకి ఇంతకన్నా మంచి గురువు లేడు, నిజమే. కానీ దాన్ని విన్నప్పుడల్లా నాకు లెక్క గుర్తొస్తుంది. మా వ్యానులో డ్రమ్మరు, కాంగోలాయన, తబలా ఆయన, బేస్ గిటారు, అకార్డియన్, నేను, వయొలిన్ ఉంటే వయొలిన్. ఒక్కొక్కళ్లకీ ఇంటి అద్దె ఈ ప్రోగ్రాముల మీదే. రోలాండ్ ఆక్టోపాడ్ 1985లో వచ్చింది. కొన్నేళ్లకి అది మన పందిళ్లలోకి దిగింది, కాంగోలాయన దిగిపోయాడు. కీబోర్డులో ఎడమ చేత్తో బేస్ వస్తుంటే బేస్ గిటారుకి డబ్బులెందుకన్నారు. తర్వాత కీబోర్డులోనే తాళం దానంతటదే వాయించే స్టైల్స్ అన్నారు. ఆ తర్వాత ముందే రికార్డు చేసిపెట్టిన ట్రాక్ వచ్చింది. గాయకుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఒక్కడే ఆటో దిగుతాడు.

ఏ శబ్దం కోసమైతే మేము ఐసుపెట్టెల పక్కన కాపలా కాశామో, అది ఆరేడు వేలకి చేతికొచ్చేసరికి వాయించమని పిలిచేవాడు లేడు. డబ్బాని తిడుతున్నానంటే అసలు కోపం ఇది. దీన్ని చేసినవాడికి పందిరి తెలియదు. గదిలో ఒక్కడే కూర్చుని, చెవులు మూసుకుని, తనకి తాను వాయించుకునేవాడి కోసం చేశాడు. ఆ మాటంటే మనవడు, "హాస్టల్లో గట్టిగా వాయిస్తే తంతారు తాతయ్యా, నలుగురం పడుకునే గది" అన్నాడు. సరే. అపార్టుమెంట్లో వాళ్లమ్మ కూడా ఊరుకోదు. అది న్యాయమైన మాటే కనక దాని మీద ఇంకేం అనను.

ఇయర్‌ఫోన్స్‌లో జరగని పని ఒకటి చెప్పి వదిలేస్తాను. ఆంప్లిఫయరు వెనక పెట్టుకుని గొంతు పెంచి ఒక స్వరం పట్టుకుంటే, స్పీకరు ఊపిన గాలి వచ్చి మళ్లీ అదే తీగని ఊపుతుంది. స్వరం చావదు. రెండడుగులు ముందుకేస్తే ఒకలా, పక్కకి తిరిగితే ఇంకోలా పాడుతుంది. మైకుల వాళ్లకి అది కూత, మాకది ప్రాణం. డబ్బాలో ఆ గాలి లేదు.

పోయిన చవితికి మా వీధి కుర్రాళ్లు బ్యాండు కట్టి, "అంకుల్, మీరు రెండు పాటలు వాయించాలి" అని పట్టుకుపోయారు. మనవడి డబ్బా తీసుకుని వెళ్లాను, ఆ మంచం కింది పెట్టె మోసే వయసు కాదు కనక. సౌండ్ కుర్రాడు డబ్బా చూసి సంబరపడ్డాడు. ఆంప్లిఫయరు లేదు, మైకు పెట్టక్కర్లేదు, వైరు నేరుగా మిక్సరుకే. వాడికి సుఖం. జనానికి నా గిటారు బాగా వినపడిందట. స్టేజి మీద నాకు మాత్రం చుక్క వినపడలేదు. ముందున్న మానిటర్లో గాయని గొంతు, ప్యాడ్స్, అంతే. "బాబూ, ఇందులో గిటారు కాస్త పెంచు" అని సైగ చేశాను. వాడు పరిగెత్తుకొచ్చి, ఎంతో మర్యాదగా, "మిక్సరుకి యాప్ ఉంది అంకుల్, లింక్ పంపిస్తా, మీ మానిటరు మీరే పెంచుకోవచ్చు" అన్నాడు. అంటే డబ్బా శబ్దం మార్చడానికి ఫోన్లో ఒక యాప్, ఆ శబ్దం నాకు వినపడటానికి ఇంకో యాప్, ఈ రెండూ కనపడటానికి కళ్లద్దాలు. గాయని అప్పటికే పల్లవి ఎత్తుకుంది. నాకున్నవి రెండు చేతులు, రెండూ గిటారు మీదున్నాయి.